ఛూ అన్నది నేనే

మా ఇంటికీ ఫ్యాక్టరీకీ మధ్య గోడ లేదు. యర్రగుంట్ల రోడ్డు పక్కన బండల ఫ్యాక్టరీ అంటే పెద్దదేమీ కాదు. ఒక రేకుల షెడ్డు, అందులో కోత మిషను ఒకటి, పాలిష్ మిషన్లు రెండు, బయట నీళ్ళ తొట్టి, ఎటు చూసినా నిలబెట్టిన నల్లబండలు. ఆ బండల మధ్యనే మా మూడు గదులూ, వెనక రెండు గదుల అద్దె భాగమూ. వంటింటి తలుపు తీస్తే ఎదురుగా ఆవరణ తూర్పు గోడ, ఆ గోడకు ఒరిగించిన బండల వరసలు. మిషన్లు ఆగేది ఆదివారం, లేదంటే కరెంటు పోయినప్పుడు.

వెనక భాగంలో బ్యాంకు ఆఫీసరమ్మ ఒకామె రెండేళ్ళు అద్దెకుండేది. ఒంటరి మనిషి. టెర్రియరు జాతి కుక్క ఆమెదే. తెల్లది, ఒక కంటి చుట్టూ ఇటుక రంగు మచ్చ, మోకాలి కిందికి ఉండే ఎత్తు, కొబ్బరి పీచులాగా గరుకు వెంట్రుక. దానికొక ఇంగ్లీషు పేరుండేది. మా నోళ్ళకది తిరగలేదు. బుడ్డోడా అని పిలిచేవాళ్ళం, పలికేది. ఆమెకు బదిలీ అయింది. పోయే ఊళ్ళో దొరికిన ఇంట్లో కుక్కను ఉంచుకోనివ్వరట. మూడు రోజులు ఏడ్చి, నాలుగో రోజు నా దగ్గరకు వచ్చింది.

"ఆంటీ, మీరైతేనే దీన్ని చూసుకోగలరు" అంది.

మా ఆయన వద్దన్నాడు. "ఇది మన ఇండ్లలో ఉండే కుక్క కాదు. దీనికి చేసే సేవ మనిషికి చేస్తే పుణ్యమొస్తాది" అన్నాడు. నేను సరేనన్నాను. ఆయన వద్దన్న పని ఆయన ముందరే సరేననడం అదే మొదటిసారి. అందుకే ఆ కుక్క విషయంలో తప్పు జరక్కుండా చూసుకోవాలని నాకొక పట్టుదల ఉండేది.

ఆఫీసరమ్మ అన్నీ కాగితం మీద రాసిస్తానంది. నేను చదివింది మూడో తరగతి. కూడబలుక్కుని చదివేసరికి కుక్క ముసలిదైపోతుంది. "రాయొద్దు తల్లీ, నోటితో చెప్పు, నాకు గుర్తుంటాది" అన్నాను. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని చెప్పింది. ఈ రోజుకు కూడా ఒక్క మాట పోలేదు. అన్నంలో ఉల్లిపాయ, వెల్లుల్లి తగలకూడదు. ఎండు ద్రాక్ష ఒక్కటి కూడా పెట్టకూడదు, మూత్రపిండాలు పోతాయి. వారానికి రెండుసార్లు ఇనప దువ్వెన, ముదిరిన వెంట్రుకను వేళ్ళతో పీకాలి గాని కత్తెర పెట్టకూడదు. స్నానం నెలకొకసారి చాలు. చెవుల్లో గుడ్డతో తుడవాలి. కాలి వేళ్ళ సందుల్లో పిడుదులు చూడాలి. ఎండాకాలం తెల్లారక ముందే తిప్పుకుని రావాలి, బండ మీద మన అరచెయ్యి నిలవకపోతే దాని కాలు కూడా నిలవదు.

"ఇది ఒళ్ళో కూర్చునే కుక్క కాదాంటీ" అని కూడా చెప్పింది. "ఎలుకల కోసం బొక్కల్లోకి పోవడానికని పెంచిన జాతి. బొక్క కనిపిస్తే దీనికి ఒళ్ళు తెలీదు. అది లోపల ఉంటే మీరు బయటినుంచి పిలవకండి. మీ గొంతు వినపడితే, మీరు వెనక తోడున్నారనుకుని ఇంకా ముందుకు పోతుంది. బయట తిరిగేటప్పుడు మెడకు బెల్టు తీసేయండి, ఎక్కడైనా తగులుకుంటే అంతే. ఎవరైనా ఉసిగొల్పితే మాత్రం ఒప్పుకోకండి."

అన్నీ విన్నాను, తలూపాను. మొదటి ఎండాకాలమే తప్పు చేశాను. మా ఇంట్లో ఎండలు ముదిరితే పిల్లలకు గుండు కొట్టించడం అలవాటు. ఇంత వెంట్రుకతో ఇది ఉడికిపోతోందని, మంగలాయన వచ్చినప్పుడు దానికి కూడా మిషను పెట్టించాను. కత్తెర వద్దంది గాని మిషను వద్దనలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. మూడో రోజుకు వీపంతా ఎర్రగా కమిలిపోయింది. పశువుల డాక్టరు చూసి, "ఆ వెంట్రుకే దానికి గొడుగమ్మా, గొడుగు పీకేసి ఎండలో నిలబెట్టినారు" అన్నాడు. కొబ్బరి నూనె రాస్తూ నెల రోజులు నేను దాని ముఖం సరిగ్గా చూడలేకపోయాను.

రెండో తప్పు ఇంకా పెద్దది. ఈ కథ దాని గురించే.

మా పక్క కుక్కను ఛూ అనడం ఒక ఆట. ఊరకుక్కకు ఛూ అంటే గోడదాకా పరిగెత్తి, నాలుగు అరుపులు అరిచి, తోక ఊపుకుంటూ తిరిగొస్తుంది. అన్నవాడికీ కుక్కకూ ఇద్దరికీ తెలుసు, అది ఉత్తుత్తి వేట అని. టెర్రియరుకు ఉత్తుత్తి తెలియదు. ఒకనాడు పందికొక్కు ఒకటి నా విత్తనం శెనక్కాయల సంచి కొట్టి పోతూ కంటబడింది. నోట్లోంచి ఛూ వచ్చేసింది. రెండు దూకుల్లో దాన్ని పట్టి, ఒక్క విదిలింపుతో మెడ విరిచి నా కాళ్ళ దగ్గర పడేసింది. మా ఫ్యాక్టరీ మేస్త్రీ భాయ్ చూసి, "వదినా, ఇది కుక్క కాదు, సిపాయి" అన్నాడు. నేను ఉబ్బిపోయాను. ఆ తర్వాత ఎవరూ చూడనప్పుడు రెండు మూడుసార్లు అన్నాను. రుచి మరిగింది అదా నేనా అంటే చెప్పలేను.

వైశాఖ మాసంలో ఒక రోజు. పొద్దున దోసెలు పోసి, రాత్రి మిగిలిన సంగటి ముద్దను గుడ్డుతో కలిపి దానికి పెట్టి, గిన్నె కడిగేందుకు వంటింటి తలుపు తీశాను. తూర్పు గోడ వెంబడి పందికొక్కు ఒకటి, పిల్లి అంత ఉంది, తాపీగా పోతూ బండల సందులో దూరింది. కుక్క నా కాళ్ళ దగ్గరే ఉంది, ఇంకా చూడలేదు. మూతి నాక్కుంటోంది.

"ఛూ" అన్నాను.

అంతే. తెల్లగా ఒక గీత గీసినట్టు పోయింది.

ఆ సందు ఎట్లాంటిదో చెప్పాలి. నేల మీద కొయ్య దిమ్మెలు వేస్తారు. వాటి మీద బండల్ని నిలబెట్టి గోడకు ఒరిగిస్తారు, దాని మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి, వరసకు ఇరవై ముప్పై దాకా. ఒక్కో బండ ఆరడుగుల పొడుగు, ఇద్దరు మగవాళ్ళు లేపాలి. లోపలి బండకూ గోడకూ మధ్య కింద మూరెడు సందు మిగులుతుంది. పైకి పోయేకొద్దీ అది మూసుకుపోతుంది. అట్లాంటి వరసలు పక్కపక్కనే ఆరు. అంటే గోడ పొడుగునా ఒక సొరంగం. అవతలి కొస ముక్కబండల కుప్పతో మూసుకుపోయి ఉంది. దారి ఒక్కటే, మా వంటింటి వైపు.

కాసేపు అరుపులు, మన్ను గీరుతున్న చప్పుడు. నేను గిన్నెలు కడుక్కున్నాను. ఇంకాసేపు అరుపులు. బట్టలు నానబెట్టి వచ్చాను. అది బయటికి రాలేదు. సందు దగ్గరకు పోయి, ఆఫీసరమ్మ చెప్పిన మాట తెలిసి తెలిసి, "బుడ్డోడా, రా నాయనా" అని పిలిచాను. లోపల గీరుడు రెండింతలైంది.

అప్పుడు మేస్త్రీ భాయ్ వచ్చాడు. మా ఫ్యాక్టరీ పెట్టిన నాటినుంచీ ఉన్న మనిషి. మోకాళ్ళ మీద వంగి లోపలికి చూశాడు. బండల మొదళ్ళ వైపు చూశాడు. లేచి నన్ను చెయ్యి పట్టి వెనక్కి జరిపాడు.

"అన్నా" అని మా ఆయన్ను కేకేశాడు. "ఈ పక్కకు ఎవర్నీ రానీయద్దు. నాలుగో వరస దిమ్మె కింద మన్ను లాగేసింది ఈ సైతాను. దిమ్మె గాల్లో ఉండాది."

మా ఆయన వచ్చాడు. వెనకే పనివాళ్ళు నలుగురూ వచ్చారు. వాళ్ళలో ఒకతను కర్నూలు జిల్లా కోసిగి పక్కనుంచి భార్యతో పనికి వచ్చినవాడు, ముప్పై ఏళ్ళుంటాయి. నీళ్ళ తొట్టి వెనక గుడిసెలో ఉండేవాళ్ళు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఆ కుక్కతో ఆడేది అతనొక్కడే.

"పడితే ఏమైతాది?" అని అడిగాను.

"బండలు మొదలు కాడ జారి బయటికి పడతాయి. కుక్క లోపల పచ్చడైతాది. బయట మనిషుంటే మనిషి" అన్నాడు భాయ్. తన ఎడమ కాలు చెప్పులోంచి తీసి చూపించాడు. చిటికెన వేలూ దాని పక్కదీ లేవు. "ఇది ఒక్క బండ. ఈడ ఇరవై ఎనిమిది ఉండాయి."

మా ఆయన ముఖం మాడిపోయింది. "కుక్క కోసం మనిషిని పోగొట్టుకునేదానికి నాకేమన్నా పిచ్చా? దాని ఖర్మ. ఎవ్వరూ పోవద్దు. పన్నెండుకు లారీ వస్తాది, ఆ పని చూడండి." రెండడుగులు వేసి మళ్ళీ తిరిగాడు. "అసలు ఎవుడ్రా దాన్ని ఛూ అన్నది? ఊరికే దూరి ఉండదు అది."

ఆయన చూపు కోసిగి అతని మీద ఆగింది.

"నువ్వే గదా?"

"నేను కాదన్నా."

"నువ్వు కాకుంటే ఇంగెవుడు? పొద్దస్తమానం దాంతోనే గదా నీ సరసాలు. పని చేసేదానికి వచ్చినావా, కుక్కల్ని ఆడించేదానికి వచ్చినావా?"

అతను తల దించుకున్నాడు. నీళ్ళ తొట్టి దగ్గర అతని భార్య పాత్రలు తోముతోంది. ఆ తొట్టికీ మా వంటింటి తలుపుకూ పదడుగులు. ఆమె తలెత్తి నా వైపు చూసింది. ఒక్క క్షణమే. మళ్ళీ పాత్ర తోముకుంది.

నేను నోరు తెరవలేదు. ఎందుకు తెరవలేదని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆయన వద్దన్న కుక్కను పెట్టుకుని, ఆయన బండల్ని పడిపోయేదాకా తెచ్చానని నలుగురి ముందర ఒప్పుకోవాలంటే నాలుక కదల్లేదు. కుక్క అదే వచ్చేస్తుంది, వచ్చాక నెమ్మదిగా చెప్పుకుందాం అని మనసులో ఒక మూల అనుకున్నాను.

ఎండ ఎక్కింది. నల్లబండ పీల్చుకున్నంత వేడి ఏ రాయీ పీల్చుకోదు. పదయ్యేసరికి బయటి బండ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. లోపల గాలి ఆడదు. పొద్దుటినుంచి నీళ్ళు తాగలేదది. ఈ జాతి కుక్క నోరు తెరిచి రొప్పుతూ రొప్పుతూనే పని చేస్తుంది, పడిపోయేదాకా ఆపదు. అలసట వచ్చినట్టు దానికే తెలియదు. అదే నా భయం. ఒక పక్క కోత మిషను తిరుగుతూనే ఉంది. తిరిగినప్పుడల్లా కాళ్ళ కింద నేల సన్నగా వణుకుతుంది. రోజూ ఉండే వణుకే గాని ఆ రోజు ప్రతిసారీ నా కళ్ళు నాలుగో వరస మీదికి పోయేవి.

పదిన్నరకు అరుపు మారింది. వేట మీదుంటే దాని అరుపు గుచ్చుకుంటుంది, ఒకదాని వెంట ఒకటి సూదుల్లాగా. ఇప్పుడది సన్నగా, సాగదీసుకుంటూ వస్తోంది. నడుమ నడుమ దగ్గు.

"ఇరుక్కుపోయినాది" అన్నాను.

భాయ్ చెవి పెట్టి విని తలూపాడు. మా ఆయన షెడ్డులోంచి వచ్చి దూరంగా నిలబడ్డాడు. విన్నాడు. ఆయన కూడా రోజూ రాత్రి అన్నం తింటూ ఒక ముద్ద దానికి పక్కన పెట్టే మనిషే.

అప్పుడు కోసిగి అతను తలగుడ్డ విప్పి నడుముకు కట్టుకున్నాడు.

"నేను తీస్తా" అన్నాడు. "పైబండ నుంచి ఒక్కొక్కటే లేపుకుంటా వస్తా. ఇంకొకరు ఆ కొన పట్టుకుంటే శాలు."

"నా కాలు చూసినాక గూడా అంటాండావా?" అన్నాడు భాయ్.

"నేనే అన్న్యానంటిరి గదా. తీసేది గూడా నేనే." అతను మా ఆయన వైపు చూడకుండా అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే ఇబ్బందిగా ఉంది. నాలుగో వరస ముందుకు పోయి నిలబడ్డాడు. ఎక్కడ నిలబడాలో అక్కడే, దిమ్మెకు ఎదురుగా, రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి. చేతులు పైబండ అంచు మీద వేశాడు.

తొట్టి దగ్గర పాత్ర కింద పడింది. "వద్దు, రా ఇట్ల" అంది అతని భార్య. అరవలేదు, మామూలుగానే అంది. అని నా వైపు చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు.

"చెయ్యి తియ్యి నాయనా" అన్నాను. "నువ్వు పోవద్దు. ఛూ అన్నది నేనే."

మిషను చప్పుడులో సగం మందికి వినపడలేదేమో. నేను దగ్గరకు పోయి మళ్ళీ చెప్పాను. "వంటింటి తలుపు కాడ నిలబడి పొద్దున నేనే అంటి. పందికొక్కు పోతాంటే. అతనికేం సంబంధం లేదు."

అతను చేతులు తీశాడు. వెనక్కి వచ్చాడు. ఒక్కో అడుగూ అతను వెనక్కి వేస్తుంటే నాకు ఊపిరి ఆడింది.

మా ఆయన నా ముఖంలోకి చూశాడు. "ఇంతసేపు గమ్మునుంటివా?" అన్నాడు. అంతకంటే ఇంకేమీ అనలేదు. ఇంకేమన్నా అనుంటే బాగుండేది.

"మిషన్లు ఆపు" అన్నాను.

"లారీ..."

"రోంతసేపు ఆపప్పా."

ఆయన తనే పోయి మెయిన్ దించాడు. మిషను ఉరుముకుంటూ ఉరుముకుంటూ ఆగింది. అంత వెలుతురులో అంత నిశ్శబ్దం మా ఆవరణలో నేనెరగను. రోడ్డవతల చింతచెట్టు మీద పిట్టలు కూడా వినపడ్డాయి.

భాయ్ తన ఫోనును వెదురు కర్రకు కట్టాడు. లైటు వేసి, వీడియో పెట్టి, సందులోకి నెమ్మదిగా తోశాడు. తీసి చూస్తే మొదట దుమ్ము, గోడ, తర్వాత తెల్లటి పిర్రలు, మన్నులో ముంచిన కాళ్ళు. మెడ దగ్గర నల్లగా ఏదో సాగి ఉంది. భాయ్ ఆపి, వేళ్ళతో పెద్దది చేసి చూపించాడు.

"ఇదేంది వదినా, బెల్టు కట్టినావా?"

బెల్టు కాదు. దిష్టి తాడు. నెల ముందర ఎవరో చుట్టాలు వచ్చి, ఎంత ముద్దుగా ఉందో అని పోయారు. రెండు రోజులు అది అన్నం ముట్టలేదు. నల్లతాడు ఏడు పేటలు పేని, నడుమ గవ్వ గుచ్చి మెడకు కట్టాను. ఆ పొద్దున కూడా తోలు బెల్టు విప్పే ఉంచాను. తాడు నా లెక్కలో బెల్టు కాదు. అది రక్ష. ఆ రక్ష ఇప్పుడు దిమ్మెలో పొడుచుకొచ్చిన మేకుకు తగులుకుని ఉంది. తెగే తాడు కూడా కాదు, నేనే గట్టిగా పేనాను.

"ముందుకు గుంజుకుంటాండాది కాబట్టి బిగుసుకుంటాది" అన్నాడు భాయ్. "జానెడు వెనక్కొస్తే ఊడిపోతాది."

జానెడు వెనక్కి. ఎదురుగా పందికొక్కును పెట్టుకుని టెర్రియరు జానెడు వెనక్కి రావడం జరగని పని. తిండి చూపిస్తే రాదు. పిలిస్తే ముందుకు పోతుంది. పొద్దుటినుంచి మేమంతా చేసింది అదే, పిలిచి పిలిచి దాన్ని మేకుకు బిగించాం. దాన్ని వెనక్కి తిప్పేది ఒక్కటే ఉంది, వెనక ఇంకొక పందికొక్కు.

గోనె సంచి ఒక మూల చింపి, భాయ్ ఫోను విప్పి ఇచ్చిన వెదురు కర్ర కొనకు గట్టిగా కట్టాను. దాని చుట్టూ ఎండు జొన్నసొప్ప నాలుగు ఆకులు చుట్టాను. "అందరూ షెడ్డులోకి పోండి. ఎవరూ దగ్గొద్దు" అన్నాను.

"నువ్వు యాడికి?" అన్నాడు మా ఆయన.

"నేను మొదటి వరస కాడ పడుకుంటా. నాలుగోదాని ముందరికి పోను."

"నాలుగోది పడితే మూడోదాన్ని నెట్టదా?"

భాయ్ రెండు వాసాలు తెచ్చాడు. ఒకదాన్ని మూడో వరసకు అడ్డంగా ఆనించి, తనే దాన్ని భుజంతో పట్టి కూర్చున్నాడు. రెండోదాన్ని మా ఆయన తీసుకున్నాడు. నేను వద్దనబోయాను. ఆయన వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

నేను బోర్లా పడుకున్నాను. చీర చెంగు తల కింద మడిచి పెట్టుకుని, చెయ్యి భుజం దాకా సందులోకి పెట్టాను. లోపలి వేడి పొయ్యి మూతి దగ్గర లాగా ముఖానికి కొట్టింది. కర్రను కొంచెం కొంచెంగా జరిపాను. మూడో వరస దాకా పోయాక ఆపి, సొప్పను నేల మీద గీరాను. గర్ర్, గర్ర్. ఆపాను. పందికొక్కు నిలకడగా గీరదు, గీరి ఆగి వింటుంది. నేనూ గీరి ఆగి విన్నాను.

మూలుగు ఆగిపోయింది.

ఏ చప్పుడూ లేదు. ఆగిపోయింది మూలుగా, ఊపిరా? మళ్ళీ గీరాను. భాయ్ భుజం మీద వాసం సన్నగా కిర్రుమంది. చెమట కంట్లోకి కారుతోంది, తుడుచుకోవడానికి లేదు. గోనెను పిసరంత అటూ ఇటూ ఆడించాను, పరిగెత్తబోయి ఆగిన ఎలుక లాగా.

లోపల మన్ను రాలింది. గవ్వ బండకు తగిలి టిక్కుమంది. ఆ వెంటనే గొంతులోంచి గుర్రుమనే చప్పుడు, నా వైపుకు వస్తూ. కర్ర నా చేతిలోంచి ఊడిపోయేంత గుంజు. పట్టింది.

పట్టిందంటే ఇంక వదలదు. దాని గుణమే అది. దువ్వెన పట్టుకుంటే దువ్వెన, చాప పట్టుకుంటే చాప, ఎన్నిసార్లు దాని దవడ విప్పలేక తిట్టుకున్నానో. ఆ రోజు మాత్రం వదలొద్దు నాయనా వదలొద్దు అని లోపల్లోపల మొక్కుకుంటూ కర్ర వెనక్కి లాగాను. గట్టిగా లాగితే గోనె చిరిగి ఊడొస్తుంది, మెత్తగా లాగితే గెలిచాననుకుని తనే లోపలికి ఈడ్చుకుపోతుంది. దాని గుంజుకు సమానంగా, ఒక వేలెడు ఎక్కువగా లాగుతూ వచ్చాను. ముక్కు కనిపించింది. గోనె మీద మూసిన పళ్ళు కనిపించాయి. మన్నుకు కళ్ళు మూసుకునే ఉంది, అయినా గుర్రుమంటూ తల విదిలిస్తోంది. మెడ పట్టు అందగానే పట్టుకుని, దాన్ని పొట్టకు అదుముకుని దొర్లాను.

"లెయ్యి, లెయ్యి, ఇట్ల రా" అని భాయ్ వాసం వదిలి నన్ను రెక్క పట్టి లాగాడు. ముగ్గురం షెడ్డు దాకా పరిగెత్తాం.

అది చేసిన మొదటి పనేమిటంటే, నా చేతుల్లోంచి తూర్పు గోడ వైపు దూకబోవడం. చచ్చి బతికినట్టు లేదు. పని మధ్యలో ఎవరో లాక్కొచ్చినట్టు నా మణికట్టు మీద ఒక కొరుకు కూడా కొరికింది. ముక్కు తోలు లేచిపోయింది, ముందు కాళ్ళ గోళ్ళు అరిగి నెత్తురు. కోసిగి అతని భార్య తొట్టిలో గుడ్డ తడిపి తెచ్చింది. తల మీద పోయొద్దని చెప్పి, ముందు కాళ్ళకు, తర్వాత పొట్టకు, తొడ సందులకు అద్దాం. నీళ్ళు గుక్క గుక్కగా పట్టాం. ఆమె చేతులూ నా చేతులూ ఆ కుక్క మీద ఒకదానికొకటి తగులుతున్నాయి.

లారీ వచ్చే ముందు మా ఆయన మెయిన్ ఎక్కించాడు. కోత మిషను బండను అందుకుందో లేదో, నాలుగో వరస కదిలింది. పైది మొదట వంగింది, తక్కినవి దాని వెంట. ఆ చప్పుడుకు రోడ్డు మీద పోయే ఆటో ఆగింది. దుమ్ము అణిగాక చూస్తే ఒక్క బండ కూడా నిలబడి లేదు. మా ఆయన ఆ ముక్కల దాకా నడిచిపోయాడు. కోసిగి అతను పొద్దున కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడిన చోట ఇప్పుడు మోకాలెత్తు కుప్ప. అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొస్తూ అతని దగ్గర ఆగి, "అన్నం తిన్న్యావా?" అన్నాడు. మా ఆయన జీవితంలో ఎవరికైనా తప్పైందని చెప్పగా నేను వినలేదు. ఆ మాట ఆయన నోటికి అంతవరకే వచ్చింది. "తింటాలే అన్నా" అన్నాడతను.

తర్వాత రెండు రోజులు అతను మా ఇంటి టీ తాగలేదు. గ్లాసు పెట్టిన చోటే చల్లారిపోయేది. పనికి వచ్చేవాడు, పోయేవాడు. ఆ రోజునుంచి కట్టేసి ఉంచిన కుక్క గొలుసు తెంపుకునేట్టు అతని వైపు గుంజినా తల తిప్పేవాడు కాదు. మా ఆయన గాని, భాయ్ గాని నన్ను ఏమీ అనలేదు. నేను చెప్పేశాను కదా, చెప్పడంతో అయిపోయింది కదా అన్నట్టుంది వాళ్ళకు.

మూడో రోజు పొద్దు వాలుతుండగా గుడిసె దగ్గరకు పోయాను. అతను ఇంకా పనిలోనే ఉన్నాడు. ఆమె ఒక్కతే రొట్టెలు కొడుతోంది.

"నాకు ఆ పొద్దు నోరు రాలేదమ్మా" అన్నాను. "మీ ఆయన్ని అంటాంటే గమ్మునుంటి. తప్పు నాది."

ఆమె రొట్టె పెనం మీద వేసి, చేతులకంటిన పిండి దులుపుకుంది.

"మీరు ఛూ అన్నేది నేను విన్న్యానమ్మా" అంది. "తొట్టి కాడనే ఉంటి. మీరు చెప్తారేమో అని చూస్తా ఉంటి."

"తెలుసు. నువ్వు చూస్తాండేది చూసినా. నేను చెప్పకుంటే నువ్వు చెప్పేదానివా?"

ఆమె రొట్టె తిరగేసింది. అది పొంగేదాకా చూసింది.

"చెప్పేదాన్నే. మీ ఇంట్లో నా మాట నిలబడునా?"

నిలబడేదని చెప్పాలని నోటిదాకా వచ్చింది గాని, అది నిజం కాదని మా ఇద్దరికీ తెలుసు. ఆమె గోడకు ఆనించిన గోనెపట్టా దులిపి నా ముందర పరిచింది. కూర్చున్నాను. అతను వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను, అతనికి కూడా చెప్పాలి కాబట్టి.